నయమైంది కదా, ఇంకేం కావాలి?

హోమియోపతి మీద వాదన మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతుంది. "సైన్సు ఏమన్నా అననీ, మా వాడికి తగ్గింది. నయమైంది కదా, ఇంకేం కావాలి?" ఈ మాట అన్నాక అవతలివాడు నోరు మూసుకోవాల్సిందే. తగ్గిన మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే, క్లినికల్ ట్రయల్స్ గురించి మాట్లాడేవాడు మూర్ఖుడిలానే కనిపిస్తాడు. పైగా అది తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. వైద్యం ఉన్నదే నయం చేయడానికి. ఆస్పిరిన్ ఒంట్లో ఏ దారిన పనిచేస్తుందో 1971 దాకా ఎవరికీ తెలీదు. అప్పటికే డెబ్బై ఏళ్ళుగా జనం మింగుతున్నారు. కాబట్టి "ఎలా పనిచేస్తుందో చెప్పలేరు, అందుకని పనిచేయదు" అనే వాదన నాకు మొదట్నుంచీ నచ్చదు. ముందు పనిచేయనీ, ఎలా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

నన్ను తొలిచే ప్రశ్న వేరే ఉంది. ఒక మందు వల్ల ఒకరికి నిజంగానే హాయి కలిగింది, కానీ ఆ మందు గురించి అతనికి చెప్పింది నిజం కాదు. ఇందులో తప్పేమైనా జరిగిందా? జరిగితే ఎవరిది? దీనికి జవాబు వెతకాలంటే ముందు ఆ మాత్రలో ఏముందో చూడక తప్పదు.

శామ్యూల్ హానిమన్‌ని వెక్కిరించడం తేలిక, కానీ న్యాయం కాదు. 1755లో పుట్టిన ఈ జర్మన్ వైద్యుడి కాలంలో చికిత్స అంటే నెత్తురు తీయడం, జలగలు పట్టించడం, పాదరసం మింగించడం, వాంతులూ విరేచనాలూ చేయించడం. 1799లో జార్జి వాషింగ్టన్‌కి గొంతు వాస్తే పొద్దుట్నించీ నాలుగుసార్లు నెత్తురు తీశారు. ఆ రాత్రే పోయాడు. అలాంటి రోజుల్లో ఏమీ చేయని మందు కూడా పెద్ద మేలే. 1790లో విలియం కల్లెన్ పుస్తకాన్ని అనువాదం చేస్తూ, మలేరియాకి వాడే సింకోనా బెరడు తనే తిని చూశాడు హానిమన్. మలేరియా లాంటి లక్షణాలే వచ్చినట్టు అనిపించింది. ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలు పుట్టిస్తుందో, రోగిలో ఆ లక్షణాలనే అది పోగొడుతుందనే సూత్రం అక్కడ పుట్టింది. ముల్లును ముల్లుతోనే తీయాలని సామెత చెప్పుకునే మనకి ఈ సూత్రం వినగానే సొంతదానిలా అనిపించడంలో వింతేం లేదు. "ఇంగ్లీషు మందులు" అంటూ ఒకదాన్ని పరాయిది చేసి, జర్మనీ నుంచి వచ్చినదాన్ని ఆయుర్వేదం పక్కన కూర్చోబెట్టుకున్నాం. అన్నట్టు, "అల్లోపతి" అన్న మాట కూడా హానిమన్ తన ప్రత్యర్థుల్ని ఉద్దేశించి తయారుచేసిందే. ఇవాళ ఎంబీబీఎస్ డాక్టర్లు కూడా తమని తాము అలాగే పిలుచుకుంటున్నారు.

రెండో సూత్రం దగ్గర చిక్కు మొదలవుతుంది. మందుని ఎంత పలచన చేస్తే, చేసిన ప్రతిసారీ ఎంత కుదిపితే, అంత శక్తి పెరుగుతుందట. ఒక వంతు మందుకి 99 వంతుల నీళ్ళో ఆల్కహాలో కలిపితే 1సీ. అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ 99 వంతులు కలిపితే 2సీ. మన షాపుల్లో మామూలుగా దొరికే "30 పొటెన్సీ" అంటే ఇలా ముప్ఫైసార్లు. 12సీ దాటేసరికే అవగాడ్రో సంఖ్య అడ్డొస్తుంది: మొదటి పదార్థంలో ఒక్క అణువైనా మిగిలే అవకాశం దాదాపు పోతుంది. 30సీకి నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. మూల పదార్థంలోని ఒక్క అణువు తప్పనిసరిగా దొరకాలంటే 1 పక్కన 60 సున్నాలన్ని నీటి అణువులు తాగాలి. అన్ని నీళ్ళ బరువు సుమారుగా సూర్యుడి బరువుకి పదిహేను వేల రెట్లు. 200 పొటెన్సీ అయితే పోలికకి విశ్వం కూడా చాలదు. కనిపించే విశ్వంలోని మొత్తం పరమాణువుల సంఖ్యని 1 పక్కన 80 సున్నాలుగా అంచనా వేస్తారు, ఇక్కడ కావాల్సింది 400 సున్నాలు.

హానిమన్‌కి ఇది తెలిసే అవకాశం లేదు. ఆయన 'ఆర్గనాన్' 1810లో వచ్చింది. అవగాడ్రో తన ప్రతిపాదన చేసింది 1811లో. అణువులు ఎన్ని ఉంటాయో మొదటిసారి పనికొచ్చే అంచనా వేసింది 1865లో లోష్మిట్. అప్పటికి హానిమన్ పోయి ఇరవై రెండేళ్ళు. తెలియక చేసినదానికి ఆయన్ని ఎవరూ తప్పు పట్టరు. తెలిశాక కూడా అదే చెప్పేవాళ్ళ సంగతే ఈ వ్యాసం.

ఇక్కడ మనవాళ్ళు ఐఐటీ బాంబే పేపర్ బయటికి తీస్తారు. నిజమే, 2010లో అక్కడి కెమికల్ ఇంజనీరింగ్ విభాగం వాళ్ళు లోహాలతో చేసిన హోమియో మందుల్లో, 200సీలో కూడా, నానో కణాలు కనిపించాయని ప్రచురించారు. వాట్సాప్‌లో దీన్ని పంపేవాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. ఆ పేపర్ ప్రకారమే, 6సీ తర్వాత నుంచి 200సీ దాకా లోహం మోతాదు పెద్దగా మారలేదు. అంటే పొటెన్సీ పెరిగేకొద్దీ పలచబడటమూ లేదు, ఒకదానికీ ఇంకోదానికీ చెప్పుకోదగ్గ తేడా కూడా లేదు. హోమియోపతికి మద్దతుగా తెచ్చిన సాక్షి దాని రెండో సూత్రం కిందే గొయ్యి తవ్వినట్టయింది. పైగా సీసాలో బంగారం కణం ఉందనడానికీ, అది ఒక రోగికి నయం చేసిందనడానికీ మధ్య ఉన్న దూరం అలాగే ఉండిపోయింది.

సరే, ఎలా అన్నది వదిలేద్దాం అన్నాను కదా. పనిచేస్తుందా లేదా? ఈ ప్రశ్నకి పద్ధతిగా జవాబు వెతికిన తొలి ప్రయత్నాల్లో ఒకటి హానిమన్ బతికుండగానే జరిగింది. 1835లో న్యూరెంబర్గ్‌లో ఒక పందెం: ఉప్పుని 30సీ దాకా పలచన చేస్తే మనిషికి ఏదైనా తెలుస్తుందా? వంద సీసాలు సిద్ధం చేశారు. సగంలో వట్టి డిస్టిల్డ్ వాటర్, సగంలో ఉప్పు "మందు". కలిపి, నంబర్లు వేసి, ఏది ఏదో జాబితా రాసి సీలు చేశారు. తాగినవాళ్ళకీ తెలీదు, పంచినవాళ్ళకీ తెలీదు. ఫలితాలు చెప్పినవాళ్ళు యాభైమంది. ఎక్కువమందికి ఏమీ అనిపించలేదు. ఏదో అనిపించిందన్న ఎనిమిదిమందిలో ఐదుగురు మందు తాగినవాళ్ళు, ముగ్గురు నీళ్ళు తాగినవాళ్ళు. అంత చిన్న తేడా నుంచి ఎవరూ ఏమీ తేల్చలేరు. కానీ ఆ పద్ధతి చూడండి. ఇవాళ మేం ఒక వెబ్ పేజీలో బటన్ రంగు మార్చడానికి కూడా యూజర్లని రెండు గుంపులుగా విడదీసి చూస్తాం. ఆ జాగ్రత్తంతా ఆ ఊరివాళ్ళు 1835లోనే, ఒక సత్రంలో కూర్చుని పడ్డారు.

తర్వాతవి క్లుప్తంగా. 1997లో లాన్సెట్‌లో వచ్చిన ఒక విశ్లేషణ 89 ట్రయల్స్‌ని కలిపి చూసి, ఫలితమంతా ప్లాసిబోదే అనలేమంది. హోమియో వైద్యులు ఇప్పటికీ దాన్నే చూపిస్తారు. అదే బృందం రెండేళ్ళ తర్వాత, నాణ్యత ఎక్కువున్న ట్రయల్స్‌లో ఫలితం తగ్గిపోతోందని తనే రాసింది, దాన్ని చూపించరు. 2005లో అదే పత్రికలో స్విస్ పరిశోధకులు 110 హోమియో ట్రయల్స్‌ని 110 మామూలు మందుల ట్రయల్స్‌తో జత చేసి పోల్చారు. చిన్నవీ, నాసిరకంవీ తీసేసి చూస్తే మామూలు మందుల ప్రభావం నిలబడింది, హోమియోది ప్లాసిబోలో కలిసిపోయింది. 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధనా మండలి 61 ఆరోగ్య సమస్యల మీద 176 అధ్యయనాలు చూసి, ఏ ఒక్కదానికీ నమ్మదగిన ఆధారం లేదంది. ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యవ్యవస్థ 2017లో ఈ మందులు రాయొద్దని డాక్టర్లకి సూచించింది. ఫ్రాన్స్ 2021 నుంచి వీటికి డబ్బు తిరిగివ్వడం ఆపేసింది.

*

మరి మా వాడికి తగ్గింది కదా?

తగ్గింది. అందులో అబద్ధం లేదు. జలుబుకి మందేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మనవాళ్ళే జోకు వేస్తారు. కీళ్ళ నొప్పులు, తామర, మైగ్రేన్, పిల్లల ఆయాసం... ఇవన్నీ ఎక్కీ దిగీ నడిచే జబ్బులు. మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్ళేది బాగా ఎక్కినప్పుడే. ఎక్కిన తర్వాత వచ్చేది దిగడమే. ఆ దిగుతున్న టైములో చేతిలో ఏ సీసా ఉంటే దానికి పేరొస్తుంది. సర్వర్ మొరాయించినప్పుడు ఎవడో కాన్ఫిగరేషన్‌లో ఏదో మార్చి రీస్టార్ట్ చేస్తాడు, సమస్య పోతుంది. తర్వాత మూడేళ్ళపాటు ఆ మార్పుని ఎవ్వరూ ముట్టుకోరు. దాంతోనే బాగైందా, రీస్టార్ట్‌తో బాగైందా అని అడిగేవాడు టీముకి శత్రువు.

ఇంతటితో అయిపోతే సులువుగానే ఉండేది. కానీ ఇంకోటి ఉంది. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పరిశోధకులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న ఎనభైమంది పైచిలుకు రోగులతో ఒక ట్రయల్ చేసి 2011లో ప్రచురించారు. కొందరికి హోమియో వైద్యుడితో పూర్తి కన్సల్టేషన్లు పెట్టించారు, కొందరికి పెట్టలేదు. రెండు గుంపుల్లోనూ కొందరికి అసలు మాత్రలు, కొందరికి ఉత్త మాత్రలు. ఇరవై నాలుగు వారాల తర్వాత మాత్ర ఏదైనా తేడా లేదు. కానీ కన్సల్టేషన్ జరిగినవాళ్ళు, జరగనివాళ్ళకంటే మెరుగ్గా ఉన్నారు.

నాకు ఈ ఫలితం మొత్తం కథలోకెల్లా ముఖ్యమైనది. హోమియో డాక్టరు గంటసేపు కూర్చోబెట్టి అడుగుతాడు: నొప్పి పొద్దున ఎక్కువా, రాత్రి ఎక్కువా? చల్లగాలి పడుతుందా? కలలొస్తాయా? ఎవరైనా తిడితే ఏడుస్తారా, లోపల దాచుకుంటారా? మన పెద్దాసుపత్రి ఓపీలో రెండు నిమిషాలు కూడా దొరకని మనిషికి, కార్పొరేట్ ఆసుపత్రిలో రిపోర్టుల ఫైలే తప్ప తన మొహం చూడని డాక్టరు మాత్రమే తెలిసిన మనిషికి, ఇది చిన్న విషయం కాదు. నలభై ఏళ్ళ కాపురంలో ఎవరూ అడగని ప్రశ్నలు ఒక డాక్టరు అడిగి, నోట్సు రాసుకుంటున్నాడు. సగం జబ్బు అక్కడే తేలికపడుతుంది. తర్వాత ఆ పథ్యం: కాఫీ మానాలి, పచ్చి ఉల్లి, వెల్లుల్లి కూడదు, మాత్రలు చేత్తో ముట్టుకోకుండా మూతలో వేసుకుని నోట్లో పోసుకోవాలి. పూజలో మడి లాంటిది. మనసు దాని మీదే ఉంటుంది.

దీన్ని "వట్టి ప్లాసిబో" అని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. మనిషికి కలిగిన ఉపశమనం ఏ దారిలో వచ్చినా ఉపశమనమే. అయితే ఆ ఉపశమనం ఎంతదాకా వెళ్ళగలదో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పే ఇంకో ట్రయల్ కూడా 2011లోనే, న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో వచ్చింది. ఆస్తమా రోగులకి ఒకసారి అసలు ఇన్‌హేలర్, ఒకసారి మందులేని ఇన్‌హేలర్, ఒకసారి ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, ఒకసారి ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టి చూశారు. "ఎంత మెరుగ్గా ఉంది?" అని అడిగితే అసలు మందుకి 50 శాతం, ఉత్త ఇన్‌హేలర్‌కి 45 శాతం, ఉత్త సూదులకి 46 శాతం మెరుగన్నారు, ఏమీ ఇవ్వనప్పుడు 21. తర్వాత ఊపిరితిత్తుల్లోంచి గాలి ఎంత వస్తోందో మిషన్‌తో కొలిచారు. అసలు మందుతో 20 శాతం పెరిగింది. మిగతా మూడింటికీ 7 శాతమే, తేడా లేకుండా.

అంటే రోగికి హాయిగానే ఉంది. గొట్టాలు మాత్రం మూసుకునే ఉన్నాయి. ఆస్తమాతో మనిషి చనిపోవడం మామూలుగా అర్ధరాత్రి జరుగుతుంది. "నాకు తగ్గినట్టే ఉంది" అనే భావన, ఊపిరితిత్తి పరిస్థితి, ఈ రెండూ విడిపోయిన చోట, ఆ భావన అతన్ని ఆసుపత్రికి వెళ్ళనివ్వకుండా ఆపితే? నయమైంది కదా అన్న మాటలో "నయం" అన్న పదం రెండర్థాలు మోస్తోందని నాకు ఇది చదివినప్పుడే అర్థమైంది.

*

తెలుగునాట ఈ వైద్యం నిలబడింది మోసంతో కాదు. ఆ సంగతి చెప్పకుండా విమర్శిస్తే అది నిజాయితీ అనిపించుకోదు. గుడివాడలో గురురాజు గారి పేరుతో ఉన్న కాలేజీ స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. హైదరాబాద్ ప్రభుత్వ హోమియో కాలేజీ పేరులో పొట్టి శ్రీరాములుతో పాటు డాక్టర్ జయసూర్య పేరుంది. ఆయన సరోజినీ నాయుడి కొడుకు, మొదటి లోక్‌సభ సభ్యుడు, హోమియో వైద్యుడు. రాజమండ్రి కాలేజీకి మన హాస్యనటుడు అల్లు రామలింగయ్య పేరు పెట్టారు. ఆయన షూటింగుల మధ్య మందులిచ్చే మనిషి. విశాఖలో ఎక్కిరాల కృష్ణమాచార్య, ఆయన శిష్యులు ఉచిత వైద్యశాలలు నడిపారు. డాక్టరు లేని ఊళ్ళో, సాయంత్రం పూట అరుగు మీద చెక్క పెట్టె తెరిచి కూర్చునే స్కూలు మాస్టర్లని మన ముందు తరం వాళ్ళెవర్ని అడిగినా గుర్తుచేసుకుంటారు. పైసా తీసుకునేవాళ్ళు కాదు. చేదుండదు, సూది ఉండదు, పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి నోరు తెరుస్తారు.

కలకత్తాలో మహేంద్రలాల్ సర్కార్ కథ ఇంకా ఇబ్బంది పెడుతుంది. 1863లో ఎండీ అయిన ఈయన మొదట హోమియోపతికి గట్టి విరోధి. దాని మీద ఒక పుస్తకాన్ని సమీక్షించమంటే, చూడకుండా తిట్టడం సరికాదని రోగుల్ని చూడటానికి వెళ్ళాడు. చూశాక నమ్మాడు. 1867లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ బెంగాల్ శాఖ సభలో లేచి ఆ మాటే చెప్పాడు. తోటి డాక్టర్లు వెలేశారు, ప్రాక్టీసు పోయింది. అదే మనిషి 1876లో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ స్థాపించాడు. 1928లో రామన్ ఎఫెక్ట్ బయటపడింది ఆ సంస్థలోనే. ఆయన నిజాయితీకి వంక పెట్టగలవాడెవడు?

విలియం క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1877లో రాసిన ఒక వ్యాసం సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. ఒక ఓడ యజమాని. ఓడ పాతది, మరమ్మతులు కావాలేమోనని అనుమానం. ఇన్నిసార్లు వెళ్ళొచ్చింది కదా, దేవుడున్నాడు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుని, చివరికి మనస్ఫూర్తిగా నమ్మి, జనాన్ని ఎక్కించి పంపుతాడు. ఓడ మునుగుతుంది. అతను మనస్ఫూర్తిగా నమ్మాడు కాబట్టి దోషి కాడా? దోషే అంటాడు క్లిఫర్డ్; తన ముందున్న ఆధారాలతో అలా నమ్మే హక్కు అతనికి లేదు. తర్వాత ఇంకో అడుగు వేస్తాడు: ఓడ మునగకుండా క్షేమంగా చేరిందనుకోండి, అప్పుడైనా అతని తప్పు వీసమెత్తు తగ్గదు. బయటపడలేదంతే.

క్లిఫర్డ్ మరీ కఠినం అనిపిస్తుంది నాకు. ప్రతి నమ్మకానికీ ముందే ఆధారం అడిగితే పెళ్ళిళ్ళు జరగవు, స్టార్టప్‌లు పుట్టవు. కానీ ఓడలో ఎక్కేది ఇతరులైనప్పుడు ఆయన చెప్పింది కాదనలేను. సర్కార్‌కీ, మన ఊరి మాస్టారికీ ఆధారాలు తూచే పనిముట్లు అప్పుడు చేతిలో లేవు. 2020లో ఒక ప్రభుత్వానికి ఉన్నాయి. 2020 జనవరి చివర్లో, కరోనా గురించి ప్రపంచానికి ఇంకా ఏమీ సరిగ్గా తెలియని రోజుల్లో, ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆర్సెనికం ఆల్బం 30ని నివారణకి సిఫారసు చేసింది. మూడు రోజులు పరగడుపున. ఆ వైరస్ మీద దాన్ని పరీక్షించే వ్యవధే లేదప్పటికి. తర్వాత అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర, రేషన్ షాపుల దగ్గర సీసాలు పంచారు.

మనకి ఇంకా పాత ఉదాహరణ ఉంది. 1999లో మెదడువాపు వ్యాధి పిల్లల్ని చంపుతున్నప్పుడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీసీటీ పేరుతో హోమియో మందులు పంచింది: బెల్లడోనా, కాల్కేరియా కార్బ్, ట్యుబర్క్యులినమ్. తర్వాత కేసులు తగ్గాయని, దీని వల్లేనని ఇప్పటికీ వ్యాసాల్లో రాస్తారు. కావచ్చేమో, ఎలా చెప్పగలం? ఈ జబ్బు కొన్నేళ్ళు విజృంభించి కొన్నేళ్ళు అణిగే రకం. మందు ఇచ్చిన ఊళ్ళనీ, ఇవ్వని ఊళ్ళనీ పోల్చుకునేలా పంచి ఉంటే, దోమల నివారణనీ పందుల తరలింపునీ లెక్కలోంచి వేరు చేసి ఉంటే ఏదో ఒకటి తేలేది. న్యూరెంబర్గ్‌వాళ్ళు ఉప్పునీళ్ళకి చూపించినంత జాగ్రత్త మన పిల్లల ప్రాణాలకి చూపించలేదు. ఆ జబ్బుకి టీకా ఉంది. 2006 నుంచి దేశంలో పెద్ద ఎత్తున వేయడం మొదలుపెట్టారు. ఆ టీకా ట్రయల్స్ దాటి రావాల్సి వచ్చింది. హోమియో మందుకి మన చట్టంలో ఆ బాధే లేదు. మందుల నిబంధనల్లో హోమియో మందు నిర్వచనం ఏమిటంటే, ప్రూవింగ్‌లలో నమోదైంది, లేదా ప్రామాణిక హోమియో గ్రంథాల ప్రకారం దీర్ఘానుభవంలో పనిచేస్తుందని తేలింది. అంటే హోమియోపతి పనిచేస్తుందనడానికి హోమియోపతి పుస్తకమే రుజువు. మా కంపెనీలో కోడ్ రాసినవాడే దాన్ని అప్రూవ్ చేస్తే ఉద్యోగం ఊడుతుంది.

*

మా పిన్ని ఒకామెకి కొన్నేళ్ళ క్రితం రొమ్ములో గడ్డ తగిలింది. ఆపరేషనంటే భయం. ఊళ్ళో పేరున్న హోమియో డాక్టరు కోత లేకుండా కరిగిస్తానన్నాడు. ఎనిమిది నెలలు. మధ్యలో నొప్పి పెరిగితే, మందు పట్టినప్పుడు జబ్బు ముందు కాస్త ఎక్కువవుతుంది, అది మంచి సూచన అన్నాడు. తగ్గితే మందు పనిచేస్తున్నట్టు, పెరిగితే ఇంకా బాగా పనిచేస్తున్నట్టు. ఓడిపోవడానికి వీల్లేని సిద్ధాంతం అది. చంకలో బిళ్ళలు కట్టాక హైదరాబాద్ తీసుకొచ్చారు. కీమో, ఆపరేషన్, రేడియేషన్. బతికింది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఎనిమిది నెలల ముందు వచ్చి ఉంటే ఆ మూడూ అక్కర్లేకపోయేదేమో.

ఆమెకి ఇప్పటికీ ఆ డాక్టరు మీద కోపం లేదు. "ఆయన ఎంత ఓపిగ్గా వినేవాడో! ఇక్కడి డాక్టరు నా పేరు కూడా అడగలేదు" అంటుంది. ఒకసారి మాత్రం, కీమో ఎక్కించుకుంటూ, నన్ను అడిగింది: "ఒరే, ఆ మాత్రల్లో ఏముండేదిరా అసలు?" పంచదార అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆయనకి తెలుసా?" అంది.

ఆ ప్రశ్నే అసలు ప్రశ్న. తెలిసి ఇస్తే అది అబద్ధం. తెలియకుండా ఇస్తే, ఐదున్నరేళ్ళ డిగ్రీ చదివిన మనిషి ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకంలో ఉన్న అవగాడ్రో సంఖ్యని తను ఇచ్చే మందుకి ఎప్పుడూ అన్వయించుకోలేదన్నమాట. రెండిట్లో ఏదైనా పిన్నికి జరిగిన నష్టం ఒకటే: తన ఒంటి మీద తను నిర్ణయం తీసుకోవడానికి కావాల్సిన సమాచారం ఆమెకి ఇవ్వలేదు. చికిత్స స్వభావం, దాని ఫలితం, ప్రత్యామ్నాయాలు రోగికి అర్థమయ్యేలా చెప్పి తీసుకున్నదే సమ్మతి అని మన సుప్రీంకోర్టు 2008లోనే ఒక తీర్పులో వివరించింది. ఆపరేషన్ ముందు మనతో పది సంతకాలు పెట్టించుకునేది అందుకే. ఆపరేషన్ వద్దని చెప్పే ముందు ఒక్క సంతకం కూడా ఎవరూ అడగరు.

ఇలాంటివి ఎక్కడో ఒకచోట అనుకోవద్దు. సిడ్నీలో 2002లో తొమ్మిది నెలల పాప తామర ముదిరి, ఇన్‌ఫెక్షన్ సోకి చనిపోయింది. తండ్రి హోమియోపతి చదివినవాడు, మందులు తనే ఇచ్చాడు. 2009లో కోర్టు తల్లిదండ్రులిద్దరినీ దోషులుగా తేల్చింది. వాళ్ళు ఆ పాపని ప్రేమించలేదని ఎవరూ అనలేదు.

"మరి ఎంబీబీఎస్ డాక్టర్లు చేయరా?" అంటారు. చేస్తారు. వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్, నీరసానికి బీకాంప్లెక్స్ ఇంజెక్షన్, రోగి తృప్తి కోసం ఒక సెలైన్ సీసా. ఇవీ అబద్ధాలే, కొన్ని ఇంకా ప్రమాదకరమైన అబద్ధాలు. అయితే సెలైన్ వల్ల వైరల్ జ్వరం తగ్గదని డాక్టర్ చదివిన పుస్తకంలోనే ఉంది. అతన్ని అతని పుస్తకంతోనే నిలదీయొచ్చు. హోమియో డాక్టర్ని నిలదీయడానికి ఆయన పుస్తకంలో చోటెక్కడుంది?

ఇన్ని చెప్పి, మోకాళ్ళ నొప్పికి రస్టాక్స్ వేసుకునే ఎనభై ఏళ్ళ తాతగారి దగ్గరికి వెళ్ళి అవగాడ్రో పాఠం చెప్పాలా అంటే, నేనైతే చెప్పను. అడిగితే చెబుతాను. షుగర్ మందో, బీపీ మందో మానేసి వేసుకుంటానంటే అడక్కపోయినా చెబుతాను, గొడవైనా సరే. అందరికీ ఒకటే నియమం ఉండాలనేవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు. సమ్మతి అనేది మందు బరువుని బట్టి, జబ్బు బరువుని బట్టి మారదా అని అడుగుతారు కూడా. ఇంట్లో మనవడికి ఉన్న ఈ వెసులుబాటు, ఫీజు తీసుకునే డాక్టరుకీ, పన్ను డబ్బుతో సీసాలు పంచే ప్రభుత్వానికీ ఉందని మాత్రం నేననుకోను.

నిజం చెబితే ఆ హాయి కూడా పోతుంది కదా, అదొక్కటీ ఎందుకు లాక్కోవాలి అన్నది చివరి వాదన. అలా పోతుందని తేలలేదు. 2010లో హార్వర్డ్ పరిశోధకులు పేగు సమస్య ఉన్న 80 మందితో ఒక ప్రయోగం చేశారు. సగం మందికి సీసా మీద "ప్లాసిబో మాత్రలు" అని రాసి, ఇందులో మందేమీ లేదని నోటితో కూడా చెప్పి ఇచ్చారు. మూడు వారాల తర్వాత వాళ్ళలో 59 శాతం మంది ఉపశమనం దొరికిందన్నారు. ఏ మాత్రా ఇవ్వని వాళ్ళలో 35 శాతం. చిన్న ప్రయోగం, పైగా వాళ్ళకి ప్లాసిబో గురించి ముందే ఆశ కలిగేలా వివరించారు కాబట్టి దీని మీద మేడలు కట్టకూడదు. కానీ మాట్లాడటం, వినడం, ఒక పద్ధతిగా మాత్ర వేసుకోవడం, వీటితో దొరికే హాయికి అబద్ధం తప్పనిసరి అని ఎవరూ రుజువు చేయలేదు.

అమెరికా వినియోగదారుల సంస్థ ఎఫ్‌టీసీ 2016లో ఒక విధానం ప్రకటించింది. ఆధారం లేకుండా జబ్బు తగ్గిస్తుందని చెప్పుకునే హోమియో ఉత్పత్తులు రెండు విషయాలు స్పష్టంగా తెలియజేయాలి: ఇది పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు, దీని వాదనలు 1700ల నాటి సిద్ధాంతాల మీద ఆధారపడ్డవి, నేటి వైద్య నిపుణుల్లో అత్యధికులు వాటిని ఒప్పుకోరు. నిషేధం లేదు, ఎవరి సీసా ఎవరూ లాక్కోలేదు. ఆ రెండు వాక్యాలూ తెలుగులో, సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక అంత పెద్ద అక్షరాలతో, మన క్లినిక్ గోడ మీద ఉంటే చాలు. గంటసేపు మాట్లాడాక, గోడ వైపు చూపించి, "ఇది చదివారా?" అని డాక్టరే అడగాలి. చదివాక కూడా మాత్రలు కావాలన్నవాళ్ళకి ఇవ్వొచ్చు.